పత్తిచెట్టుకు గొర్రెపిల్ల కాస్తుందా?

“అమ్మా, డ్రాగన్‌కు ఒంటినిండా పొలుసులుంటాయా, ఈకలుంటాయా?” అని మీ పిల్లలెవరైనా అడిగారనుకోండి, మీరేం చెబుతారు? ఒక చేతిలో గరిటె, పొయ్యి మీద పోపు కాగుతూ ఉంటుంది. “అట్లాంటివేం ఉండవు, పోయి హోంవర్కు చేసుకోపో” అంటాం. మనలో చాలామందిమి అంతే. కానీ ఈ కాలం పిల్లలు అంతటితో ఊరుకుంటారా? లోపలికి పరుగెత్తి లావుపాటి పుస్తకమొకటి తెచ్చి, పేజీ తీసి మన ముఖం ముందు పెడతారు. “ఇదిగో, ఇక్కడ రాసుంది. కొలతలు కూడా ఇచ్చారు చూడు!” అంటారు.

కొలతలు ఉంటాయి, ఆ మాట నిజమే. పొడవెంత, రంగేమిటి, ఏం తింటుంది, ఏ దేశంలో తిరుగుతుంది, అన్నీ ఉంటాయి. శాస్త్రవేత్తలు పెట్టేలాంటి లాటిన్ పేరు కూడా ఉంటుంది. మన జీవశాస్త్రం పుస్తకంలో కప్ప బొమ్మ వేసి బాణం గుర్తులు పెట్టినట్టే, డ్రాగన్ బొమ్మ వేసి ఇది రెక్క, ఇది గోరు అని గుర్తులు పెడతారు. లేని జంతువు గురించి ఇంత పకడ్బందీగా రాయడమంటే మాటలు కాదు.

మా ఇంటికి వచ్చిన పుస్తకం పేరు ‘డ్రాగనాలజీ’. నా పుట్టిల్లు ఆదోని, మెట్టినిల్లు ఎమ్మిగనూరు. మా తమ్ముడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడు. వాడికి మేనకోడలంటే ప్రాణం. ఆరో తరగతి చదివే మా అమ్మాయి ఇంగ్లీషు గడగడా చదువుతుందని సంబరపడి పుట్టినరోజుకు ఆ పుస్తకం తెచ్చిచ్చాడు. ఎర్నెస్ట్ డ్రేక్ అనే డాక్టరుగారు 1896లో రాసిన పాత గ్రంథం అన్నట్టుగా దాన్ని తయారుచేశారు. అసలు ఆ డాక్టరూ లేడు, ఆ గ్రంథమూ లేదు. ఇంగ్లండులో డూగాల్డ్ స్టీర్ అనే రచయిత పిల్లల కోసం రాస్తే 2003లో అచ్చయిన పుస్తకం అది. లోపల చిన్న కవర్లలో ఉత్తరాలు, ముట్టుకుని చూడ్డానికి డ్రాగన్ చర్మం తునక, డ్రాగన్ దుమ్ము, ఎన్నెన్నో. వీటిని చదివి కాపాడే రహస్య సంఘమొకటి తరతరాలుగా ఉందని కూడా రాశారు.

వారం రోజులు మా అమ్మాయి దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంది. సెలవులకు ఆదోని పోయినప్పుడు కోటకొండ వైపు చూపించి, “అవ్వా, ఆ బండల సందుల్లో డ్రాగన్ ఉండొచ్చు కదా?” అని మా అమ్మనడిగింది. “ఆడ డ్రాగనూ లేదు గీగనూ లేదు. కోతులుంటాయి, నీ చేతిలో అరటిపండు పెరుక్కుంటాయి” అంది మా అమ్మ.

ఇట్లాంటి పుస్తకాలు ఒకటీ రెండూ కావు. హాలెండు దేశంలో విల్ హైగన్ అనే ఆయన రాయగా, రీన్ పోర్ట్‌ఫ్లీట్ అనే ఆయన బొమ్మలు వేసి 1976లో మరుగుజ్జుల మీద ఒక పుస్తకం తెచ్చారు. జానెడు ఎత్తు కూడా లేని ఈ నోమ్‌లు నాలుగొందల ఏళ్ళు బతుకుతారట. చెట్టు వేళ్ళ కింద వాళ్ళ ఇల్లెలా ఉంటుంది, వంట ఎలా చేసుకుంటారు, పిల్లల్ని ఎలా పెంచుతారు, అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. ఇల్లు నడిపే మనలాంటి వాళ్ళకు డ్రాగన్ల కంటే ఇదే బాగుంటుందేమో! హారీ పాటర్ కథలు రాసిన రౌలింగమ్మ కూడా 2001లో ‘ఫెంటాస్టిక్ బీస్ట్స్ అండ్ వేర్ టు ఫైండ్ దెమ్’ అనే చిన్న పుస్తకం తెచ్చింది. అట్ట మీద తన పేరు పెట్టుకోకుండా న్యూట్ స్కమాండర్ అనే లేని మనిషి పేరు పెట్టింది. దాని మీద వచ్చిన డబ్బు ధర్మకార్యానికిచ్చింది. ఏ జంతువు ఎంత ప్రమాదమో ఒకటి నుంచి ఐదు వరకు ఇంటూ మార్కులు వేసి మరీ చెబుతుంది. మన రాయలసీమ మిరపకాయ బజ్జీలకు కూడా అట్లా వేయొచ్చు.

అనగనగా లేని కథలు

మనం చిన్నప్పుడు ఇట్లాంటివి చదవలేదా అంటే చదివాం. 1947లో మొదలైన ‘చందమామ’ను మా ఆదోని ఇంట్లో నలుగురం లాక్కుని లాక్కుని చదివేవాళ్ళం. దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘రాకాసిలోయ’, ‘భల్లూక మాంత్రికుడు’ లాంటి సీరియల్స్ పేర్లు చెబితేనే ఇప్పటికీ మా అక్కచెల్లెళ్ళకు ఒళ్ళు జలదరిస్తుంది. అందులో రాక్షసులు, మాంత్రికులు, వింత మృగాలు అన్నీ ఉండేవి. అయినా మేమెవరమూ “ఇది నిజమా?” అని అమ్మనడిగిన గుర్తు లేదు.

ఎందుకంటారు? నాకు తోచిందొకటి చెబుతాను. మన కథకు ముందు ఒక గడప ఉంటుంది. “అనగనగా ఒక ఊళ్ళో” అనగానే గడప దాటి కథలోకి పోతాం. “కథ కంచికి, మనం ఇంటికి” అనగానే మళ్ళీ గడప దాటి బయటికొస్తాం. ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో చంటిపిల్లకు కూడా తెలుస్తుంది. ఈ కొత్త పుస్తకాల్లో ఆ గడపే లేదు. “అనగనగా” ఉండదు, కంచికి పోవడమూ ఉండదు. మొదటి పేజీ నుంచి చివరి అట్ట దాకా “ఇది కథ కాదు, శాస్త్రం” అంటూనే ఉంటుంది. అందులోనే వాటి మజా ఉంది. మన పిల్లలు మన దగ్గరికి పరుగెత్తుకు రావడానికీ అదే కారణం.

మరి ఇది పిల్లల్ని మోసం చేయడం కాదా అని మా పక్కింటావిడ గట్టిగానే అడిగింది. నేనట్లా అనుకోను. మా అమ్మాయి ఒకరోజు జడ వేయించుకుంటూ, “అమ్మా, ఈ డ్రాగన్లు నిజం నిజమా, ఆట నిజమా?” అంది. ఆ మాట వినగానే నా ప్రాణం కుదుటపడింది. పిల్లకు తేడా తెలుసన్నమాట! బొమ్మల పెళ్ళిలో ఉత్త గిన్నెలో పాయసం వడ్డించి “తాగు తాగు” అంటారు. మనం తాగినట్టు చేస్తే మురిసిపోతారు. నిజంగా గిన్నె కొరికితే వాళ్ళే నవ్వుతారు. అది ఆట నిజం. నేను “ఆట నిజం” అన్నాను. అది తెలిసినాక పుస్తకం పక్కన పడేస్తుందనుకున్నారా? అదేం లేదు. ఇంకా కులాసాగా చదివింది.

“ఉండవు పో” అని కసురుకుంటే ఏమవుతుందంటే, పిల్ల రెండోసారి అడగదు. మాటవరసకు “ఉన్నాయిలేమ్మా” అన్నా చిక్కే. బడిలో పదిమందిలో నవ్వులపాలై, రేపు మనం చెప్పే నిజం మాట కూడా నమ్మదు. ఆట నిజమని చెప్పడానికి అరనిమిషం కూడా పట్టదు.

పెద్దలు నమ్మిన ఆట

అసలు చిక్కు పిల్లలతో కాదు, పెద్దవాళ్ళతో. ఇంగ్లండులో కాటింగ్లీ అనే పల్లెలో 1917లో జరిగిన సంగతి వినండి. ఎల్సీ అని పదహారేళ్ళ పిల్ల, ఫ్రాన్సిస్ అని తొమ్మిదేళ్ళ పిల్ల, అక్కచెల్లెళ్ళ వరస. ఇంటి వెనక వాగు దగ్గర ఆడుకుని బట్టలు, బూట్లు తడుపుకుని వచ్చేవాళ్ళు. తల్లులు కేకలేస్తే, దేవకన్యల్ని చూడ్డానికి పోయామన్నారు. నమ్మకపోయేసరికి, ఎల్సీ తండ్రి కెమెరా అడిగి తీసుకుపోయి ఫొటో తీసుకొచ్చారు. ఫొటోలో ఫ్రాన్సిస్ ముందు రెక్కల దేవకన్యలు నాట్యం చేస్తున్నారు!

ఇంట్లోనే నవ్వుకుని వదిలేస్తే అయిపోయేది. రెండేళ్ళ తర్వాత ఎల్సీ తల్లి దివ్యజ్ఞాన సమాజం వారి ఉపన్యాసానికి పోయి ఆ ఫొటోల సంగతి చెప్పింది. అక్కడినుంచి మాట షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయల్ గారి దాకా పోయింది. ఎంత చిన్న ఆనవాలు పట్టుకునైనా దొంగను పట్టేసే డిటెక్టివ్‌ను సృష్టించిన మహానుభావుడు ఆయన. 1920 డిసెంబరులో ‘స్ట్రాండ్’ పత్రికలో ఈ ఫొటోలు నిజమేనన్నట్టు వ్యాసం రాశాడు. 1922లో పుస్తకమే వేశాడు. ఇక ఆ పిల్లలు నోరు విప్పలేదు. అంత పెద్దాయన నమ్మాక, కాదని చెప్పి ఆయన పరువు తీయడమెలా? 1983లో, ఇద్దరూ ముసలివాళ్ళయ్యాక బయటపెట్టారు. పుస్తకంలోని బొమ్మలు చూసి కాగితం మీద గీసి, కత్తిరించి, టోపీలకు గుచ్చుకునే పిన్నులతో గడ్డిలో నిలబెట్టారట. అంతే! చిన్నపిల్లల తమాషాను పెద్దలు అరవై ఏళ్ళు మోశారు.

ఇదెప్పటి మాటో అనుకోకండి. 2012లో అమెరికాలో యానిమల్ ప్లానెట్ చానల్ సాగరకన్యల మీద ఒక కార్యక్రమం వేసింది. అంతా కల్పనే. కానీ డాక్యుమెంటరీలాగా, శాస్త్రవేత్తల్లా నటులను కూర్చోబెట్టి తీశారు. జనం నిజమేననుకున్నారు. చివరికి అక్కడి ప్రభుత్వ సముద్ర పరిశోధన సంస్థవారు, సాగరకన్యలున్నాయనడానికి ఆధారమేదీ దొరకలేదని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. దాని ముక్కలు మన ఫోన్లలో ఇప్పటికీ తిరుగుతుంటాయి. మా వీధిలోనే ఒకావిడ చూపించింది.

మన దేశం మీదే కట్టిన కథలు

మన ఆడపిల్లల బడిసంచీ చూడండి, నీళ్ళ సీసా చూడండి, చెప్పులు చూడండి. అన్నిటి మీదా ఒంటికొమ్ము గుర్రమే. యూనికార్న్ అంటారు. దాన్ని రాతలో పెట్టిన పాతవాళ్ళలో ఒకడు టెసియస్ అనే గ్రీకు వైద్యుడు. ఇంచుమించు రెండువేల నాలుగొందల ఏళ్ళ కిందట పర్షియా రాజుగారి కొలువులో ఉండేవాడు. అక్కడే కూర్చుని, వాళ్ళూ వీళ్ళూ చెప్పింది విని హిందూదేశం మీద ఒక గ్రంథం రాశాడు. మన దేశంలో ఒంటికొమ్ము అడవిగాడిదలుంటాయని, ఆ కొమ్ముతో చేసిన గిన్నెలో తాగితే విషం ఎక్కదని, మనిషి ముఖంతో తేలుకొండి తోకతో ఒక మృగం ఉంటుందని రాశాడు. మన ఖడ్గమృగం మాట చెవినపడి అట్లా మారిందని చాలామంది పండితుల అభిప్రాయం. తర్వాత యూరపులో రాజులు ‘యూనికార్న్ కొమ్ము’ అని బంగారం పోసి కొన్నారు. 1638లో ఓలే వార్మ్ అనే డెన్మార్కు డాక్టరు, ఇది చల్లటి సముద్రంలో బతికే నార్వాల్ అనే తిమింగలం దంతమని తేల్చాడు. అన్నేళ్ళుగా రాజులు కొన్నది తిమింగలం కోరన్నమాట.

ఇప్పుడు మా ఆదోని సంగతికొస్తాను. పత్తి కోతల కాలంలో మీరెప్పుడైనా ఆదోని వచ్చారా? రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో మాదొకటి. యార్డులో తెల్లటి గుట్టలు గుట్టలు. జిన్నింగు మిల్లుల చుట్టుపక్కల దూది ఎగురుతూనే ఉంటుంది. బోరాలు నింపిన లారీలు పోతుంటే రోడ్డు పక్క తుమ్మచెట్ల ముళ్ళకు దూది పింజలు చిక్కుకుని, దూరం నుంచి చూస్తే చెట్టుకు ఉన్ని కాసినట్టుంటుంది.

పత్తి అంటే ఏమిటో తెలియని మనిషికి ఇది చెప్పాలంటే ఎట్లా చెబుతారు? గ్రీసుకు చెందిన హెరొడోటస్, హిందూదేశంలో అడవిచెట్లకు గొర్రె ఉన్ని కంటే మేలైన ఉన్ని కాస్తుందని, అక్కడి జనం దాంతోనే బట్టలు కట్టుకుంటారని రాశాడు. ఆయన తప్పేమీ రాయలేదు పాపం, విన్నంత చెప్పాడు. జర్మన్ భాషలో ఇప్పటికీ పత్తిని ‘చెట్టు ఉన్ని’ అనే అంటారు. కానీ చలిదేశాల వాళ్ళకు ఉన్ని అంటే గొర్రెదే. గొర్రె లేకుండా ఉన్ని ఎక్కడినుంచి వస్తుంది? కాబట్టి చెట్టుకు గొర్రె కాయాల్సిందే!

అట్లాగే కాయించారు కూడా. 14వ శతాబ్దంలో జాన్ మాండెవిల్ పేరుతో ఒక యాత్రా గ్రంథం వచ్చింది. ఆ పేరుగల మనిషి అసలు ఉన్నాడా అన్నదే పండితుల అనుమానం. అందులో, తూర్పు దేశాల్లో సొరకాయలాంటి కాయ కాస్తుందని, పండినాక కోస్తే లోపల రక్తమాంసాలతో బుల్లి గొర్రెపిల్లలాంటి జంతువు ఉంటుందని ఉంది. ఇంకో కథలో గొర్రె కాండం మీద బొడ్డుతో అంటుకుని ఉంటుంది. చుట్టూ అందినంత గడ్డి మేసి, అది అయిపోగానే చచ్చిపోతుంది. పుస్తకాల్లో బొమ్మలు వేశారు. చదువుకున్నవాళ్ళు వాదించుకున్నారు. ‘తార్తారీ గొర్రెచెట్టు’ అని దానికో పేరు! చైనా నుంచి ఎండిపోయిన ఒక ‘గొర్రె’ లండనుకు వస్తే, 1698లో రాయల్ సొసైటీ పండితుల ముందు హాన్స్ స్లోన్ అనే వైద్యుడు పరీక్షించి, ఇది నూగున్న ఫెర్న్ మొక్క దుంప అని చెప్పాడు. ఆకుల కాడలు నాలుగు వదిలేసి మిగతావి కోసేస్తే కాళ్ళలాగా కనబడతాయి. 1887లో హెన్రీ లీ అనే ఆయన ఈ గొర్రెచెట్టు మీద పుస్తకమే రాసి, ఇదంతా పత్తిచెట్టు మాట దేశాలు దాటి పోతూ పోతూ మారిపోయిందని వాదించాడు.

నేనిది చెప్పినప్పుడు మా అమ్మ కార్తీకమాసానికి వత్తులు చేసుకుంటోంది. చేతిలో దూదిని అటూ ఇటూ తిప్పి చూసి, “దీనికి గొర్రె యాడిదే? వాళ్ళు ఒక్కసారన్నా కాయ పగిలేది చూడలేదా?” అంది. అదే అసలు ప్రశ్న. చెప్పినవాడు కళ్ళతో చూశాడా? ఎవరో చెబితే రాశాడా? ఆ ఎవరో ఎవరు?

ఇంట్లోకొచ్చిన రెండు తలల పాము

ఈ ప్రశ్న అడగడం పిల్లలకు ఎందుకు నేర్పాలో చెప్పడానికి నా దగ్గర పుస్తకం కాని ఒక కథ ఉంది. మాకు దూరపు చుట్టం, వరసకు నాకు మరిది. పేరెందుకులెండి. డిగ్రీ చదివినవాడే. మగ్గం మీద వచ్చింది, చిన్న వ్యాపారం మీద వచ్చింది కూడబెట్టి కూతురి పెళ్ళికని దాచుకున్నాడు. ఎవరో ఇద్దరు పరిచయమై రెండు తలల పాము ఉందన్నారు. అది ఇంట్లో ఉంటే లక్ష్మి తాండవిస్తుందని, విదేశాల్లో మందులకు కోట్లిచ్చి కొంటారని చెప్పారు. ఇప్పుడు కొంత అడ్వాన్సు కడితే నెలలో పదింతలొస్తుందన్నారు. కట్టాడు. వాళ్ళ ఫోన్లు ఆగిపోయాయి. పోలీసుల దగ్గరికి పోదామంటే, కొనబోయిన తనకూ కేసు భయం. తోటికోడలు నా దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆ పెళ్ళి ఇంకా కాలేదు.

నేను అడిగాను, “చదువుకున్నవాడు ఎట్లా నమ్మాడు?” అని. ఆమె చెప్పింది విన్నాక నాకు డ్రాగన్ పుస్తకమే గుర్తొచ్చింది. ఊరికే నోటిమాట చెప్పలేదట. కాగితం చూపించారు. పాము బరువు ఇంత, పొడవు ఇంత, ఇన్ని కిలోలు దాటితే ఇంత రేటు అని పట్టీ. ఏదో ల్యాబ్ ముద్ర. ఇంగ్లీషులో నోరు తిరగని పేరు. ఫోన్లో వీడియో. అన్నిటికంటే మించి, “ఎవరికీ చెప్పొద్దు” అన్న మాట. కొలతలు, పెద్ద పేరు, ముద్ర, రహస్య సంఘం! అన్నీ అవే. తేడా ఏమిటంటే డ్రాగన్ పుస్తకం కొన్నప్పుడు పుస్తకమన్నా చేతికొస్తుంది.

ఆ పాము సంగతి కూడా తెలుసుకుందాం. దానికి రెండు తలలుండవు. తోక మొద్దుగా తలలాగా ఉంటుంది. భయపడితే తల దాచుకుని తోక పైకెత్తుతుంది, శత్రువు తోకనే తల అనుకోవాలని. విషం లేదు. మన మెట్టచేలల్లో మన్నులో దాక్కుని ఎలుకల్ని తిని రైతుకు మేలు చేస్తుంది. పట్టుకున్న పాపాత్ములు తోకమీద వాతలు పెట్టి కళ్ళూ నోరూ ఉన్నట్టు చేస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టినా, అమ్మినా, కొన్నా నేరం. జాతరల్లో, సంతల్లో అమ్మే నక్క కొమ్ము కూడా ఇట్లాంటిదే. నక్కకు కొమ్ము మొలవదు. తోలుముక్క, వెంట్రుకలు కలిపి తయారుచేస్తారు. నిజంగా నక్కను చంపి చేసినా అదీ నేరమే. యూనికార్న్ కొమ్ము కొన్న రాజుల కంటే మనమేం తక్కువ తినలేదు!

ఇక్కడొక మాట. మా అమ్మాయి ఊరుకోదు కదా, “మరి గుడి స్తంభాల మీద యాళి? గండభేరుండం? గరుత్మంతుడు? వాళ్ళూ ఆట నిజమేనా?” అనడిగింది. తల్లులకు ఇది కొంచెం ఇరకాటమే. నాకు తోచింది చెప్పాను. గండభేరుండం రెండు తలల పక్షి. విజయనగర రాజు అచ్యుతదేవరాయల నాణేల మీద ఉంది, ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వ ముద్ర మీద ఉంది. అది బలానికి గుర్తు. అడవికి పోయి వెతకమని ఏ రాజూ చెప్పలేదు. హంపీ విఠలాలయం స్తంభాల మీద యాళి శిల్పి చేతి పని. ఇక పూజగదిలో దండం పెట్టుకునేది మన మనసుకు సంబంధించింది. దాన్ని కిలోల్లెక్కన తూచి అమ్మే పని లేదు. ఎవరైనా తూచి అమ్మబోతే మాత్రం, దేవుడి పేరు చెప్పినా సరే, మా అమ్మ అడిగిన ప్రశ్న అడగాలి. పిల్లకు ఎంత అర్థమైందో గానీ తలూపింది. నాగులచవితికి పాము పాలు తాగుతుందా అన్నది ఇంకా బాకీ ఉంది. తాగదని సైన్సు టీచరు చెప్పిందట. మా అత్తగారి ముందు ఆ చర్చ వద్దని నేనే వాయిదా వేశాను.

మనమే ఒక పుస్తకం చేద్దాం

ఇట్లాంటి పుస్తకాల ఖరీదు మనలాంటి ఇళ్ళకు ఎక్కువే. ఒకటి కొన్నాక, రెండోది ఇంట్లోనే చేసుకోవచ్చు. మా అమ్మాయి, పక్కింటి పిల్లలు వేసవిలో నాలుగు మధ్యాహ్నాలు దీంతోనే గడిపారు. ఫోన్ అడగలేదు!

ముందు ఒక జంతువును ఎంచుకోమనాలి. లేనిదీ కావచ్చు, హంసలాగా సగం ఉన్నదీ కావచ్చు. హంస ఉంది, పాలూ నీళ్ళూ వేరు చేయడం మాత్రం కవులది. దాని బొమ్మ గీసి కొలతలు, తిండి, ఇల్లు, శత్రువులు రాయమనాలి. వీలైనన్ని సంగతులు నిజంవి కలపమనాలి. అబద్ధం నిలబడేది నిజాల భుజాల మీదేనని వాళ్ళకే తెలుస్తుంది. మా అమ్మాయి ‘ఆదోని గొర్రెచెట్టు’ అని పేరు పెట్టింది. ఎత్తు నాలుగడుగులు. తిండి నల్లరేగడి మన్ను. శత్రువు గులాబీ రంగు పురుగు. నివాసం మార్కెట్ యార్డు. వాళ్ళ తాతను అడిగి గులాబీ పురుగు కాయ లోపల ఎట్లా తింటుందో కూడా రాసుకుంది. అది రైతుల గుండెలు తినే పురుగేనని మీకు వేరే చెప్పాలా? పైన ‘1896’ అని వేసి, కింద ‘ఎవరికీ చెప్పకండి’ అని ఎర్ర సిరాతో రాసింది.

తర్వాత ఆ కాగితాన్ని ముసలిది చేయాలి. నాలుగు చెంచాల టీపొడి రెండు గ్లాసుల నీళ్ళలో బాగా మరిగించి, వడకట్టి, చల్లార్చి వెడల్పాటి పళ్ళెంలో పోయండి. రాసేది బాల్‌పెన్నుతోనో పెన్సిల్‌తోనో అయితే చెరిగిపోదు. స్కెచ్‌పెన్ను వద్దు, కారిపోతుంది. ఎర్ర సిరా మాట పైన చెప్పాను కదా, అది కాగితం ఆరినాక రాసింది. కాగితం అంచులు చేత్తో కొద్దికొద్దిగా చింపి, ఐదు నిమిషాలు డికాక్షన్‌లో నాననిచ్చి, మెల్లగా రెండు చేతులతో ఎత్తి పాత గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి. అంచులు కాల్చితే ఇంకా బాగుంటుందని పిల్లలు అంటారు, అగ్గిపెట్టె మాత్రం ఇవ్వకండి. సగం ఆరినప్పుడు నాలుగు మడతలు పెట్టి విప్పితే గీతలు పడి నూరేళ్ళ కాగితంలాగా కనిపిస్తుంది. మా అమ్మాయి దాన్ని చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత మేనమామ ఇచ్చిన పుస్తకం తెచ్చి, అందులోని పాత ఉత్తరాన్ని వేలితో రుద్ది చూసి, “ఇదీ టీయేనేమో” అంది.

కాఫీ డికాక్షన్ అయితే రంగు ఇంకా ముదురుగా వస్తుంది. ఏదైనా సరే పాలు, చక్కెర కలిసింది వాడకండి. మిగిలిపోయిన టీ ఉంది కదా అని పోస్తే పుస్తకానికి చీమలు పడతాయి.